జవాబు: ఫలానా

పటమటలో మా ఇంటి ప్రహరీ మీద ప్రతి శుక్రవారం పొద్దున్నే సినిమా పోస్టరు మారుతుంది. బకెట్టు నిండా ఉడికించిన మైదా జిగురు, అందులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం. ఆ పులిసిన వాసన కిటికీలోంచి వచ్చిందంటే చేతిలో కాఫీ చల్లారిపోతుంది. అరవై ఏళ్ళ కిందట వారం రోజులపాటు నా వేళ్ళని వదలని వాసన అది. దాని వెనకే సత్యానందం అయ్యగారు వస్తారు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, ఎవరినో ఏదో అడుగుతూ.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. బెజవాడలో ఆంగ్లికన్ మిషను వారి దైవశాస్త్ర పాఠశాలలో ఆయన పాఠాలు చెప్పేవారు. పొద్దున పాదిరీలు కాబోయే మగవాళ్ళకి, సాయంత్రం పల్లెల్లో బోధించబోయే మా ఆడవాళ్ళకి. అప్పట్లో సంఘంలో చేరేవాళ్ళంతా ప్రశ్నలూ జవాబులూ ఉన్న ఒక చిన్న పుస్తకం కంఠతా పట్టాలి. ఎప్పుడో ఎవరో దొరగారు పండితుణ్ణి పక్కన పెట్టుకుని రాసిన తెలుగు అది, నోట్లో పెట్టుకుంటే పళ్ళు కదిలేది. దాన్ని జనం తెలుగులోకి మార్చే పని అయ్యగారికి అప్పజెప్పారు. ఆయన ఆ పని బల్ల ముందు కూర్చుని చేస్తే కదా! ప్రతి జవాబునీ తీసుకెళ్ళి కాలవగట్టు మీద కనిపించినవాళ్ళకల్లా చదివి వినిపించి, "మీకేం అర్థమైందండీ?" అని అడిగేవారు.

ఒకసారి పడవ సరంగుని "కృప అంటే ఏమిటనుకుంటున్నారు?" అని అడిగారు. అతను గడ ఆపకుండానే, "కాలవకి నీళ్ళొదలడం లాంటిదేమోనండి. మనం మంచోళ్ళమని వదల్రు గదండీ, అందరి చేలకీ వస్తయ్యి" అన్నాడు. అయ్యగారు గబగబా నోటుబుక్కులో రాసుకుని, మా వైపు తిరిగి, "పోయిన పరీక్షలో మీరెవరూ ఇంత బాగా రాయలేదు" అన్నారు. మేం మొహాలు మాడ్చుకున్నాం.

పంతొమ్మిదో ఏట నన్ను బందరు కాలవ మీద ఒక పల్లెకి పంపారు. చదువుకున్నదాన్నన్న గీర కొంచెం ఉండేది నాకు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ప్రశ్న సగంలో ఉండగానే జవాబు అప్పజెప్పేవాళ్ళు, అదే గొప్పనుకున్నాను. అందరిలోకీ పెద్దది ఒక ముసలావిడ. పగలంతా కామందు చేలో నడుం వంచి, పొద్దుగూకే వేళకి తడిసిన కోకతోనే వచ్చి కూర్చునేది. ఆవిడకి ఒకటే కోరిక, చచ్చేలోగా ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవాలని. మొగుడు దాసు ఆ భాగ్యం లేకుండానే పోయాడు. అందుకు బిషప్పుగారు వచ్చి, పరీక్షించి, తల మీద చెయ్యి పెట్టాలి. ఆయన రెండు మూడేళ్ళకోసారి గాని ఆ వైపు రారు. ఈసారి తప్పితే, ఆవిడ దగ్గు చూస్తే మళ్ళీ అంతకాలం ఆగేట్టు లేదు.

బిషప్పుగారు వచ్చిన రోజున పందిట్లో అందరికంటే ముందు ఆవిణ్ణే నిలబెట్టాను. ఆయన ఇంగ్లీషాయన, నెమ్మదస్తుడు. పుస్తకం తెరిచి మొదటి ప్రశ్న అడిగారు. "నీ పేరేమి?"

"ఫలానా" అంది ఆవిడ ఠంగుమని.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మళ్ళీ అడిగారు. వినపడలేదేమోనని ఆవిడ ఇంకా గట్టిగా "ఫలానా!" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పుస్తకంలో ఆ ప్రశ్న కింద జవాబు అలాగే ఉంది మరి. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవాలని దాని అర్థం. నేను మిగతా జవాబుల్లాగే దాన్నీ వల్లె వేయించాను. బిషప్పుగారు పుస్తకం మూసి, "ఈమె ఇంకను సిద్ధపడలేదు. మరుసటి పర్యాయము చూతము" అన్నారు.

ఆవిడ నా దగ్గరికొచ్చి, "తప్పు చెప్పానా పంతులమ్మగారూ? మీరు చెప్పిందే గదండీ" అంది. ఆ మాటకి ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే పడవెక్కి బెజవాడ వెళ్ళి అయ్యగారి ముందు ఏడ్చాను. తప్పంతా పుస్తకానిదే అన్నాను. ఆయన అంతా విని, "ఆవిడ పేరేమిటమ్మా?" అన్నారు.

ఆ పేరు నాకు తెలీదు. ఆర్నెల్ల నుంచి పాఠం చెబుతున్నాను. "అందరూ దాసుగాడి ముసల్దంటారండి" అన్నాను.

"అందరి సంగతి సరే. నువ్వేమంటావు?"

"ఏమే అవ్వా అంటానండి."

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "అయితే పుస్తకంలో తప్పు చిన్నదే" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే నాతో పడవెక్కారు. ఆవిడ గుడిసె ముందు, ఆవిడ కూర్చున్నాకే తను కూర్చుని, "మీ పేరేంటమ్మా?" అన్నారు. ఆవిడ బెదిరిపోయి నా వంక చూసింది. "ఎందుకండీ? నేనేం జేశానండీ?"

"మా తప్పేనమ్మా" అన్నారాయన. "ఈ పల్లెకొచ్చి పేరడిగేది పోలీసో, కరణమో. మేమూ అదే మొదటి ప్రశ్నగా పెట్టుకున్నాం. నా పేరు సత్యానందం. మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

ఆవిడ కొంగు అంచు మెలితిప్పింది. "చిట్టెమ్మ అనేదండి. బాప్తిస్మంలో మార్త అన్నారండి. ఆ రెండూ ఎవరూ పిలవరండి."

"చిట్టెమ్మగారూ, రేపు మాతో పడవలో రాగలరా?"

ఆ పల్లెలో మా పేర్ల చివర తప్ప గారు అనే మాట నేను వినలేదు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

బిషప్పుగారు అప్పటికి కాలవ దిగువన ఇంకో ఊళ్ళో ఉన్నారు. ముగ్గురం అక్కడికి వెళ్ళాం. అయ్యగారు ఆయనతో పక్కకెళ్ళి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఆయన తల వంచుకుని విని, వచ్చి పుస్తకం తెరిచారు.

"నీ పేరేమి?"

"చిట్టెమ్మండి. మార్త చిట్టెమ్మ." అంతటితో ఊరుకుందా? "తమరి పేరేంటండి?" అంది.

ఆ ప్రశ్న పుస్తకంలో లేదు. బిషప్పుగారు పుస్తకం దించి పేరు చెప్పారు, పదవి కాదు, వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి, "నోరు తిరగట్లేదండి, ఏమనుకోమాకండి" అంది. ఆయన నవ్వి, మిగతావన్నీ అడిగాక ఆవిడ తల మీద చేతులుంచారు. ఆ ఆదివారం చిట్టెమ్మగారు రొట్టె అందుకుంది. ఏడాది తిరక్కుండానే పోయింది.

యుద్ధం వల్ల కాగితం కరువు, పుస్తకం మళ్ళీ అచ్చేసే వీలు లేదు. అందుకని అయ్యగారు మైదా జిగురు ఉడికించి, మా ఆడవాళ్ళందర్నీ బెజవాడ పిలిపించి, వారం రోజులు కూర్చోబెట్టి, ఉన్న ప్రతి కాపీలోనూ ఫలానా మీద తెల్లకాగితం ముక్క అంటింపజేశారు. కొత్త పుస్తకం రాతప్రతిలో మొదటి ప్రశ్నకి ముందు, బోధకుల కోసం ఒక వాక్యం చేర్చారు: ముందు నీ పేరు చెప్పు. పుస్తకాన్ని ఖాయం చేసే మిషను కమిటీలో పెద్దలు, పాఠం చెప్పేవాడు తన పేరు చెప్పుకోవడం ఏం మర్యాద అన్నారట. "బిషప్పుగారే చెప్పారు గదండీ" అని ఆయన ఊరుకున్నారట. ఆ వాక్యం ఉండిపోయింది.

పోస్టర్లబ్బాయి నాలుగేళ్ళుగా మా గోడకి వస్తున్నాడు. ఇంత కథ తెలిసినదాన్ని, ఈ శుక్రవారం దాకా అతన్ని ఏమోయ్ అనే పిలిచాను. ఇవాళ గేటు తీసుకుని బయటికెళ్ళాను.

"నా పేరు సుగుణమ్మ. నీ పేరేంటి నాయనా?"

అతను కుంచె వెనక్కి తీసుకున్నాడు. "ఎందుకు మామ్మగారూ, ఇక్కడ అంటించకూడదాండీ?"

"అంటించుకో. ఊరికే, పిలవడానికి."

అతను జిగురు చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"దుర్గారావండి."