ఏడో గొట్టం

ఊళ్లో అందరూ ఆయన్ని బర్మా మామ అనేవారు. ముప్పై ఏళ్లు కొళాయిలు, గొట్టాలు బిగించి బతికినవాడు. ఎవరింట్లో గోడ చెమ్మగిల్లినా, గొట్టం పాతబడిందంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎవడో సరిగ్గా బిగించలేదు" అనేవాడు. ఆ ఎవడో తేలేదాకా ఇచ్చిన టీ కూడా ముట్టేవాడు కాదు.

సింకుల కింద దూరడానికి నడుము వంగక ఆ పని మానేశాక, ఊరి పైనున్న హిమానీనదాన్ని కొలిచే మేడం ఆయన్ని చేర్చుకుంది. వేసవికి ముందు ఆవిరి బర్మాతో మంచులో లోతైన కన్నాలు వేయాలి. గ్యాస్ పొయ్యి మీద చిన్న బాయిలరు, దానికో రబ్బరు పైపు, పైపు చివర సన్నటి మూతి, అంతే ఆ బర్మా. కన్నం పడ్డాక, అడుగున చెక్క బిరడా కొట్టిన ఇనప గొట్టాన్ని అందులో దించాలి. వేసవి పోయాక వచ్చి చూస్తే, మంచు ఎంత కరిగిందో గొట్టం అంత బయటపడి ఉంటుంది. ఎగువన కొత్తగా చేరిన మంచును మేడం గుంటలు తవ్వి తూచేది. మంచు అంచు ఎంత వెనక్కి పోయిందో బండ మీది ఎర్రరంగు గుర్తు నుంచి కొలిచేది. చేరిందెంత, పోయిందెంత అన్నదే ఆవిడకు కావలసింది.

ఆ ఏడాది ఆరు గొట్టాలు మనిషెత్తు దాటి బయటపడ్డాయి. ఏడోది మోకాలి దాకానే ఉంది.

"ఇక్కడొక్కచోటే కరగలేదంటే నమ్మాలా?" అంది మేడం.

బర్మా మామ గొట్టం చుట్టూ ముళ్ల బూట్ల గుర్తులు చూస్తున్నాడు. పర్యాటకులను మంచు మీద నడిపించేది ఆయన అల్లుడే. ఆ దారిలో ఉన్నది ఈ ఏడోదే. ఈసారి కొలతలు చూసి, వచ్చే ఏడాది మంచు మీదికి జనాన్ని పంపాలా వద్దా అన్నది మునిసిపాలిటీ తేల్చబోతోంది. పంపవద్దంటే అల్లుడి పని పోయినట్టే. గొట్టం లోపలికి దిగితే కరగనట్టు కనబడుతుంది. దించడానికి ఒక సుత్తి చాలు.

కూతురి ఇల్లు పక్క వీధిలోనే. రాత్రి భోజనం అక్కడే చేసేవాడు. ఆ పూట అన్నం కలుపుతూ మాట కదిపాడు.

"ఏడో గొట్టం దగ్గర జనాన్ని బాగా ఆపుతున్నారట, అల్లుడుగారూ."

"అక్కడ ఫొటోలు బాగా వస్తాయి మామయ్యా. ప్రతివాడూ దాన్ని పట్టుకుని తనే పాతినట్టు నిలబడతాడు."

"పట్టుకోవడమేనా?"

"ముద్దు పెట్టుకుంటే మీకు చెప్పమంటారా?"

కూతురు నవ్వింది. బర్మా మామ నవ్వలేదు. అల్లుడు చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే లేచి, తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్న అతని సంచిలో చేయి పెట్టాడు. తాడు, ముళ్ల బూట్లు, వాటి కింద కొత్త సుత్తి.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?"

"స్పానరమ్మా. మీ కొళాయి కారుతోంది."

"మొన్ననేగా నువ్వే బాగుచేశావు." కూతురు ఆ సంచినీ, తండ్రి చేతినీ చూసింది. "డేరా మేకులు కొట్టడానికి కొన్నాడది. అడిగితే ఆయనే చెప్పేవాడుగా."

మర్నాడు ఏడో గొట్టం దగ్గర మేడంతో అనేశాడు. "చెప్పకూడదు గానీ మేడం, ఇది మా అల్లుడి పని."

ఆవిడ గొట్టం తల మీద అరచేయి ఆనించింది. "సుత్తి దెబ్బ పడితే అంచు నలగాలి కదండీ."

"చెక్క అడ్డం పెట్టి కొట్టి ఉంటాడు."

"ముందు పైకి లాగుదాం. పేర్లు తర్వాత."

పక్కన ఆవిరి పట్టి, ఇద్దరూ పెనుగులాడి గొట్టాన్ని బయటికి తీశారు. దాని అడుగు నోరు తెరుచుకుని ఉంది. లోపల మంచు కూరుకుపోయి ఉంది.

"బిరడా లేదు" అంది మేడం. "అడుగు తెరిచి ఉంటే అంచు కత్తిలా కోసుకుపోతుంది. ఇనుము ఎండకు కాగుతుంది, బరువేమో దానికి ఉండనే ఉంది. మంచు కరుగుతున్నకొద్దీ ఇదీ కిందికి దిగిపోయింది. దీని కొలత పనికిరాదు. మిగతా ఆరూ చాలు." తర్వాత మెల్లగా అడిగింది. "బిరడాలు కొట్టేది మీరే కదా?"

గ్యాస్ అయిపోవస్తోందని ఈ గొట్టం దించిన రోజు పడ్డ తొందర గుర్తొచ్చింది. బర్మా మామ తన సంచి అడుగున తడిమాడు. రెంచీల కింద, తీగచుట్ట మధ్యలో, వేళ్లకు తగిలింది చెక్క బిరడా. ఈ సంచిని ఎవరూ వెతకలేదు.

ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి అల్లుడి సంచి భోజనాల బల్ల మీద ఉంది, మూత తీసి.

"చూసుకోండి మామయ్యగారూ. తర్వాత తిందాం."

నిన్నటిదాకా ఆ 'గారు' లేదు. బర్మా మామ జేబులోంచి బిరడా తీసి సంచి పక్కన పెట్టాడు. "గొట్టం దిగింది ఇది లేకే. నా సంచిలోనే ఉండిపోయింది."

అల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మేడంకి నా పేరు చెప్పారా?"

కూతురి చేతిలో గరిటె ఆగింది.

"చెప్పాను."

అల్లుడు బిరడాను ఆయన ముందుకు జరిపాడు. సంచి మూత వేసి, దాన్ని పడకగదిలోకి తీసుకెళ్లి లోపల పెట్టి వచ్చాడు. వచ్చి కూర్చుని, మామగారికి ముందు వడ్డించమని భార్యకు చెప్పాడు. ఆయన తింటున్నంతసేపూ తలుపు పక్క ఖాళీ కొక్కెం కళ్లెదుటే ఉంది.