కబ్ద్ ఇసుకలో మళ్ళీ బ్యాగ్‌పైపు

1982 డిసెంబరు, మొదటి శుక్రవారం, మధ్యాహ్నం. స్థలం: కువైట్ నగరానికి దూరంగా, ఎడారిలోని కబ్ద్‌లో ఒక తోట పక్కనున్న ఇసుక మైదానం. హాజరైనవారు: స్కాట్లాండు నుంచి వచ్చి కువైట్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న బ్యాండు వాళ్ళు, వాళ్ళ నాయకుడైన ఇంజనీరు, ఆయన కారు నడిపే రాయచోటి డ్రైవరు, నేను.

నేను పదిహేడేళ్ళకే పట్టాళంలో చేరాను. సరిగా మీసం రాకముందే నా చేతికి బ్యాగ్‌పైపు ఇచ్చారు. పెన్షను మీద వచ్చేసేటప్పుడు, వాయిద్యం పట్టాళానిది గనుక, తుడిచి అక్కడే అప్పగించాను. సాధనకు వాడే చిన్న గొట్టం మాత్రం నా సొంతం. అది నాతో కడపకు వచ్చింది, సులైబియా గోడౌనులో స్టోర్‌కీపరుగా చేరినప్పుడు కువైట్‌కూ వచ్చింది. సాయంత్రాలు గదిలో కూర్చుని దాన్నే ఊదుకునేవాణ్ణి. పక్కగదిలో ఉండే డ్రైవరు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"అన్నా, మా సాబు గూడా ఇట్లాంటిదే ఊదుతాడు. కాకపోతే ఆయనకు చంకలో తిత్తి గూడా ఉండాది. వీధినాటకాలోళ్ళు శ్రుతికి పెట్టుకుంటారే, అట్లాంటిది."

నేను మంచం మీంచి లేచి అతని భుజాలు పట్టుకున్నాను. "ఎక్కడ? ఎప్పుడు? నన్ను రానిస్తారా?"

"ముందు నన్ను ఇడ్సన్నా! శుక్రవారం శుక్రవారం కబ్ద్‌కు పోతారు. ఊర్లో ఊదితే చుట్టుపక్కలోళ్ళు తన్నడానికొస్తారంట."

అలా ఆ శుక్రవారం అతని వెంట వెళ్ళాను. నాయకుడు మర్యాదగా పలకరించి, సంగతి నేరుగా చెప్పాడు. కొత్త సంవత్సరం వేడుకకు వాళ్ళకు ఒక పైపరు తక్కువయ్యాడు.

"నిలబడి ఒక పాట ఎవరైనా ఊదుతారు. మాతో నడుస్తూ మూడు పాటలు వరసగా ఊదండి. ఆగకుండా ఊదితే ఆ చోటు మీది. మధ్యలో ఆగితే మాత్రం ఏమీ అనుకోవద్దు."

నాకు యాభై దాటాయి. నిండు తిత్తి చంకలో పెట్టుకుని పదేళ్ళు పైనే అయింది. వేళ్ళ మీద నమ్మకముంది. భయమంతా ఊపిరి గురించే.

పెట్టెలోంచి అదనపు పైపు తీసిచ్చారు. తోలు తిత్తి ఎడమ చంకలోకి వచ్చింది, మూడు శ్రుతి గొట్టాలూ భుజం మీద వాలాయి. గాలి నింపి అరచేత్తో ఒక్కటి తట్టాను. మూడూ ఒక్కసారిగా మోగాయి. ఒళ్ళు ఝల్లుమంది. మళ్ళీ పదిహేడేళ్ళవాణ్ణయ్యానంటే అతిశయోక్తి అవుతుంది; ముప్పై ఏళ్ళవాణ్ణయితే అయ్యాను.

"యల్లా, పదండి!" అన్నాడు నాయకుడు. డ్రమ్ములు మోగాయి, కదిలాం.

మొదటి పాటకు ఊపిరి చెవుల్లో హోరెత్తింది. రెండో పాటకు సర్దుకుంది. మూడో పాట ఎత్తుకునేసరికి ఆనందం పట్టలేకపోయాను. ముందు వరసలో అంచున ఉన్నాను. తల నిటారుగా, చూపు తిన్నగా, పట్టాళంలో నడిచినట్టే నడిచాను. అక్కడ వరస తిరగాలంటే అందరికంటే ముందున్నవాడు బెత్తం ఎత్తి సైగ చెయ్యాలి. ఇక్కడ ఎవరూ బెత్తం ఎత్తలేదు. నేను తిన్నగా పోయాను.

కాసేపటికి వెనక మోత పలచబడింది. పాపం, వీళ్ళకు అలుపొచ్చింది అనుకున్నాను. ఆ ఊహతో మరింత హుషారొచ్చింది. ఎదురుగా తోటవాళ్ళ మేకలు చెల్లాచెదురయ్యాయి. అప్పుడు వినిపించింది డ్రైవరు కేక.

"ఓ అన్నా! యాడికి పోతాండావు? అట్లే పోతే సౌదీ వస్తాది! వీసా ఉండాదా నీకు?"

ఓరగా చూశాను. బ్యాండంతా ఎక్కడో వెనక, ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా నిలబడి వాయిస్తోంది. చివరి పాటకు అలా వలయం కట్టడం వాళ్ళ పద్ధతట. మా పట్టాళంలో ఎన్నడూ కట్టలేదు. చెప్పాలని వాళ్ళకు తోచలేదు, అడగాలని నాకు తోచలేదు.

ఆగితే చోటు పోతుంది. పరిగెత్తితే ఊపిరి పోతుంది. పాట ఇంకా సగముంది. పరేడులో తిరిగినట్టే ఠక్కున వెనక్కి తిరిగి, ఊదుతూనే నడిచాను. అంత దూరానికి డ్రమ్ము దెబ్బ ఆలస్యంగా చేరుతోంది గనుక దాన్ని నమ్మలేదు. నాయకుడి పాదం లేచి పడడం చూస్తూ తాళం కలిపాను. డ్రమ్ములవాళ్ళు నవ్వు ఆపుకోలేక భుజాలు కుదుపుతున్నారు. ఇద్దరు పైపర్లు పక్కకు జరిగి సందిచ్చారు. అందులోకి అడుగుపెట్టి చివరి చుట్టు వాళ్ళతో ఊదాను. అందరం ఒకేసారి ఆపాం.

నాయకుడు పైపు దించి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆగవద్దన్నాను గాని, దేశం దాటమన్నానా?"

"మరి, చోటు నాదేనా?"

"మావాళ్ళతో మాట్లాడి రేపు చెబుతాను."

తిరిగొస్తూ డ్రైవరు ఒకటే నవ్వు. "ఇస్తార్లే అన్నా. నీది కడుపా, లారీ ట్యూబా?" నాకు నవ్వు రాలేదు. పెదవులు వాచిపోయి, అన్నం తినడం కూడా కష్టమైంది.

మర్నాడు ఉదయం గోడౌనులో సరుకు దింపిస్తుండగా ఫోను వచ్చింది. నాయకుడి గొంతు.

"మీ నడుం కొలత ఎంత? మేం నడుముకు చుట్టుకునే గళ్ళ కిల్టు ఒక్కటే మిగిలింది, అది మీకు పట్టాలి."

ఉండమని చెప్పి, బేళ్ళు కట్టే పురికొస తీసి నడుం చుట్టూ చుట్టాను. కూలీలు బస్తాలు దించి నావైపే చూస్తున్నారు. దాన్ని స్కేలు మీద పరిచి కొలత చెప్పాను. ఎందుకైనా మంచిదని, ఊపిరి నిండా పీల్చి మళ్ళీ కొలిచి, అది కూడా చెప్పాను.