గోళీ లేని డబ్బా

మా తమ్ముడికి చప్పుడంటే అసహ్యం. నాకు మనుషులంటే అసహ్యం. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టామని అందువల్లే నమ్ముతాను.

నేను రెండో తరగతి దాటలేదు. అయినా వాడి కథ నేనే రాస్తున్నాను. చదువుకున్నవాళ్ళు రాస్తే వాడి పని గురించి రాస్తారు, వాడి గురించి రాయరు. పైగా అందరూ మంచివాళ్ళే అన్నట్టు రాస్తారు. నాకు ఆ రోగం లేదు.

వాడి ఉద్యోగం ఊరికి దూరంగా ఒక మైదానంలో. అక్కడ పొడవాటి గొట్టాలు రెండు, గోడమూలలా ఒకచోట కలుస్తాయి. వాటిలో సన్నటి తీగలకి అద్దాలు వేలాడుతుంటాయి. ఎక్కడో ఆకాశంలో రెండు కృష్ణబిలాలు జంటగా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి, చివరికి ఒకదాన్నొకటి మింగి ఒక్కటైపోతాయట. ఆ కుదుపు కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చి ఈ అద్దాల్ని కదుపుతుందట.

"ఎంత కదుపుతుందిరా?" అని అడిగాను.

"ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే నీ మొహం ఎంత కదులుతుంది? అంత కూడా కాదక్కా" అన్నాడు, వెధవ.

ఆ కుదుపుని చదివేది పెద్ద పండితులు. మావాడు మెకానిక్కు. అద్దం వణికినప్పుడల్లా అది ఆకాశంలోంచి వచ్చిందా, అవతల రోడ్డుమీద లారీ పోతే వచ్చిందా అని వెతకడం వాడి పని. జీవితమంతా లారీల వెంట, పంపు మోటార్ల వెంట, కిర్రుమనే తలుపుల వెంట పడ్డాడు. ఒకసారి రోజూ పొద్దున్నే అద్దం గజగజలాడేదట. వారాల తరబడి వెతికితే, గేటు దగ్గర కాపలావాడు పొట్ట తగ్గించుకోడానికి తాడాట ఆడుతున్నాడు. మావాడు వెళ్ళి దణ్ణం పెట్టి, "అయ్యా, ఆ పొట్ట అలాగే ఉంచుకోండి. ఆకాశానికి అదే మంచిది" అన్నాడట. అప్పటినుంచి అక్కడ వాడి పేరు చప్పుళ్ళాయన.

ఇంట్లోనూ అదే తీరు. గిన్నె మూత జారితే "ఎవరది?" అని దొంగని పట్టుకున్నట్టు వచ్చేవాడు. మా మరదలు చప్పుడు చెయ్యకుండా కాపురం చేసి, చప్పుడు చెయ్యకుండానే పోయింది. మిగిలింది ఒక్క కూతురు.

వాళ్ళ ఆఫీసులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. వాళ్ళ పై అధికారిని పెద్దాయన అంటారు. కింద వాళ్ళు మెలకువగా ఉన్నారో, కునుకుతున్నారో చూడ్డానికి ఆయన అప్పుడప్పుడు ఎవరికీ చెప్పకుండా అద్దాన్ని తనే కదిలిస్తాడు, అచ్చం కృష్ణబిలాలు కదిలించినట్టే. అది దొంగకుదుపు. కదిలించిన రోజున తన బీరువాలో తాళం వేసిన రేకుడబ్బాలో ఒక గాజుగోళీ వేస్తాడు. కింద వాళ్ళు నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకుని, "మా పరీక్షలన్నీ అయ్యాయి, ఇక మాట మార్చం" అని అందరూ ఒప్పుకున్నాకే డబ్బా తెరుస్తారు. గోళీ ఉంటే దొంగకుదుపు. డబ్బా ఖాళీగా ఉంటే నిజం.

ఒకసారి మావాడు ఆగలేకపోయాడు. లారీ కాదు, పంపు కాదు, గాలి కాదు, ఇది ఆకాశమే అని డబ్బా తెరవకముందే అందరికీ మిఠాయి పంచాడు. తెరిస్తే గోళీ దొర్లింది. ఇంటికొచ్చి మిగిలిన మిఠాయి నా ముందు పెట్టి, "తిను అక్కా, ఇది మాత్రం నిజం మిఠాయే" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. గడ్డాలు నెరిసిన మగాళ్ళు ఒకరినొకరు మోసం చేసుకుని, దానికి సైన్సు అని పేరు పెట్టుకుంటారా? మావాడు మాత్రం, "మోసం కాదక్కా. మమ్మల్ని మేం నమ్మకుండా ఉండడానికి" అన్నాడు.

సరే. కూతురు తండ్రిని మించింది. ఆసుపత్రిలో ఐసీయూ డాక్టరు. ప్రాణం మీదకొచ్చి అక్కడ చేరిన ముసలివాళ్ళకి ఉన్నట్టుండి మతి చెదురుతుంటుంది. చప్పుడు తగ్గిస్తే చెదరకుండా ఉంటుందేమో అని దాని పరిశోధన. సగం మందికి చెవుల్లో మెత్తటి బిరడాలు, ప్రశాంతమైన చోట మంచం. మిగతా సగం మందికి మామూలే. ఎవరు ఏ సగమో కంప్యూటరు చీటీ తీస్తుంది. చీటీ!

పోయిన ఏడాది మా తమ్ముడికి గుండెలో కవాటం పాడై ఆపరేషను తప్పదన్నారు. భోజనాల బల్ల దగ్గర తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే పక్కనే ఉన్నాను.

"నాన్నా, నువ్వు నా పరిశోధనలో చేరకు. బిరడాలు నేనే కొనిస్తా."

"చప్పుడు మీద పరిశోధన పెట్టి, చప్పుళ్ళాయన్ని వద్దంటావా? పదిమందీ నవ్వరూ?"

"చీటీ ఎటు పడుతుందో నా చేతిలో ఉండదు. నీ వైద్యం కూడా నేను చెయ్యకూడదు. పక్క డాక్టరు చూస్తాడు."

"నీ చేతిలో ఉంటేనే కదమ్మా తప్పు" అన్నాడు, అదేదో గొప్పలాగా.

నేను ఆగలేకపోయాను. "ఏమిటే, మేకల్ని పంచుకున్నట్టు తండ్రికి చీటీ వేస్తావా?"

"నేను వెయ్యను అత్తా. అందుకే అది న్యాయం."

"మీ న్యాయం మండిపోను."

ఇద్దరూ ఒకే మొహం పెట్టి నవ్వారు. దరిద్రం.

ఆపరేషను బాగానే అయింది. చీటీ మాత్రం మామూలు సగంలో పడింది. అప్పుడు చూశాను ఐసీయూ అంటే ఏమిటో. మావాడి మంచం చేతులు కడుక్కునే తొట్టి పక్కనే. తొట్టి కింద కాలితో తొక్కితే మూత లేచే చెత్తడబ్బా. వచ్చిన ప్రతివాడూ చేతులు కడుక్కుని, తుడుచుకున్న కాగితం అందులో వేసి కాలు తీసేస్తాడు. ఠప్! ఒక్కడైనా మూతని మెల్లగా దించుతాడా? చెయ్యి అడ్డం పెడితే అంటు అట. యంత్రాలు చెవిలో జోరీగల్లా కూస్తుంటే, వాటి నోరు నొక్కి మళ్ళీ కర్టెన్ల గుడ్డ ఎక్కడ చవకో చెప్పుకునే నర్సులు. ప్లాస్టరూ, మందూ, చెమటా కలిసిన వాసన. ప్రాణాలు నిలబెట్టే చోటట! అంత చప్పుడులో నేనైతే యముడు పిలవకముందే లేచి వెళ్ళిపోదును.

గొంతులో గొట్టం తీసిన మర్నాడు మేనకోడలూ నేనూ వెళ్ళాం. మావాడు దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"బాగా చేశారు. అచ్చం మా అమ్మాయిలాగే ఉన్నావు."

"నేనే నాన్నా."

"గొంతు కూడా సరిపోయింది. పెద్దాయన పంపాడా? డబ్బాలో గోళీ వేశాడా లేదా?"

ఆసుపత్రి, మంచం, గుండెమీద కుట్లు, అన్నీ పెద్దాయన పెట్టిన దొంగకుదుపే అనుకుంటున్నాడు. నన్ను చూసి, "అక్కని కూడా చేశారే! నోరు ఇంకా తెరవలేదు, అక్కడ దొరికిపోతారు" అన్నాడు. తెరిచాను. తిట్టాను. "ఆ నోరు భలే కుదిరింది" అని మెచ్చుకున్నాడు.

చేతికున్న సూదులు పీకేస్తున్నాడని మెత్తటి పట్టీలతో చేతుల్ని మంచానికి కట్టారు. మేనకోడలు మొహంలో నెత్తురు చుక్క లేదు. బయట బెంచీమీద కూలబడింది.

"తగ్గుతుందా?" అన్నాను.

"చాలామందికి తగ్గుతుంది అత్తా. కొందరికి తగ్గదు. ఇంటికి వెళ్ళాక కూడా మునుపటి మనిషి తిరిగి రాడు."

"ఇప్పుడైనా ఆ బిరడాలు పెట్టించవే, పాపిష్టిదానా."

"నిన్నే పెట్టారు. పక్క డాక్టరు మంచం కూడా మారుస్తానన్నాడు, చప్పుడు లేని మూలగది ఖాళీ లేదు. బిరడాలు నాన్నే పీకి పారేశాడు. వినకపోతే దొంగని పట్టేదెలా అన్నాడట."

ఆ సాయంత్రం పెద్దాయన పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. ఐసీయూలోకి పూలు రానివ్వరని కూడా తెలియని పండితుడు. "ఆ డబ్బా ఓసారి పట్టుకురండి బాబూ, ఖాళీగా ఉందని మావాడికి చూపిద్దాం" అన్నాను.

"అది సంస్థ ఆస్తి అమ్మా. బీరువా దాటకూడదు. నియమం" అన్నాడు.

ముప్పై ఏళ్ళు లారీల వెంట పరుగెత్తించి, రేకుడబ్బా దగ్గరకొచ్చేసరికి నియమమట. పూలగుత్తి అతని చేతిలోనే పెట్టి పంపాను.

డబ్బా అంటే డబ్బా. నా సంచిలో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళల రేకుడబ్బా ఉంటుంది. మర్నాడు మంచం పక్కన నిలబడి, "ఒరే తమ్ముడూ, ఇదిగో పెద్దాయన డబ్బా. చూస్కో, ఖాళీ" అని వాడి మొహం ముందు ఊపాను. గలగలమంది. అడుగున ఒక బిళ్ళ మిగిలి ఉంటే అది నా తప్పా? డబ్బా నిండుగా ఉన్నప్పుడు కిక్కురుమనదు, ఒక్క బిళ్ళ ఉంటే ఊరంతా వినపడేలా మోగుతుంది.

"గోళీ!" అని అరిచాడు మావాడు. "చెప్పానా? గోళీ ఉంది! అంతా దొంగది!" పట్టీలు తెంచుకునేలా గింజుకున్నాడు. యంత్రాలు కూశాయి, నర్సులు పరుగెత్తుకొచ్చారు. అసలే గోరుచుట్టు, దానిమీద రోకటిపోటు.

"అత్తా!" అంది మేనకోడలు. డబ్బా నా చేతిలోంచి లాక్కుంది.

రెండు రోజుల తర్వాత, పొద్దుటినుంచి కాస్త నెమ్మదిగా ఉన్నాడని నర్సు చెప్పింది. చేతుల కట్లు విప్పారు. మేనకోడలు డాక్టరు కోటు తీసేసి, ఇంట్లో కట్టుకునే పాత చీరలో వచ్చింది. చేతిలో నా డబ్బా, స్పిరిట్‌తో తుడిచి తళతళలాడుతోంది. మంచం మీద పెట్టింది, తెరవలేదు.

"నాన్నా, ఒక కుదుపు వచ్చింది. నిజమో దొంగో తేల్చాలి. పరీక్షలు మొదలుపెట్టు."

వాడు తలగడ మీద సర్దుకుని కూర్చున్నాడు. పనిలో ఉన్నప్పటి మొహం. "మా అమ్మాయి చిన్నప్పుడు మెట్లమీంచి పడింది. ఎలా ఏడ్చింది?"

"ఏడవలేదు. చప్పుడైతే నీకు కోపమని దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నా. చెయ్యి విరిగిందని సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు."

నాకూ తెలియదు ఆ సంగతి. దుప్పటి నోట్లో కుక్కుకోవడం! ఛీ, ఏం ఇల్లురా అది, ఏం బతుకురా.

వాడు దాని ఎడమ మోచెయ్యి పట్టుకుని చూశాడు. కొద్దిగా వంకరగా అతుక్కున్న ఎముక మీద బొటనవేలితో చాలాసేపు నిమిరాడు.

"పరీక్షలన్నీ అయ్యాయా?" అంది.

"అయ్యాయి."

"మాట మార్చవుగా?"

"మార్చను."

"ఏం తేలింది?"

ఒకసారి డబ్బా తెరవకముందే మిఠాయి పంచినవాడు కదా, భయం. డబ్బా వంక చూశాడు, మోచెయ్యి వంక చూశాడు. "నిజమే" అన్నాడు. "దొంగదైతే ఈ సంగతి వాళ్ళకి తెలియదు. నిజమే."

మేనకోడలు మూత తీసింది. వాడు కళ్ళతో చూసి నమ్మలేదు. వేలు పెట్టి మూలమూలలా తడిమాడు. తర్వాత వేలు వాసన చూసుకుని, "ఇది మా అక్క డబ్బా" అన్నాడు.

"అవును నాన్నా. ఖాళీ."

"ఎప్పుడొచ్చావమ్మా?"

"రోజూ వస్తూనే ఉన్నా."

దాని చెయ్యి వదల్లేదు. ఈ తండ్రీకూతుళ్ళ మీదా, ఆ చీటీ మీదా, పెద్దాయన బీరువా మీదా నా అసహ్యం ఇసుమంతైనా తగ్గలేదు. అయినా నా మొహం ఏదో కదిలినట్టుంది, గోడవైపు తిరిగాను.

అంతలో ఎవడో చేతులు తుడుచుకుని పెడల్ మీంచి కాలు తీశాడు. ఠప్!

మావాడు ఉలిక్కిపడి ఆ చెత్తడబ్బా వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "అది కూడా నిజమేనా?"

"నిజమే నాన్నా."

"ఛీ" అన్నాడు.

అప్పుడు నేను బయటికెళ్ళి నిశ్చింతగా బెంచీమీద కూర్చున్నాను. అంత కడుపులోంచి వచ్చిన ఛీ మా ఇంట్లో పుట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు.