మా చేతుల గురించి రాసిన మాట

మిరప కల్లాల్లో కాయలు ఏరే ఆడవాళ్ల మీద యూనివర్సిటీ పిల్లలు రిపోర్టు రాసిన ఏడాది అది. శనివారం శనివారం పర్చూరు బస్సు దిగి మా పల్లెకు వచ్చేవారు. పగలు కల్లంలో మా పక్కన కూర్చుని రాసుకునేవారు, సాయంత్రం చర్చి వరండాలో చదువు చెప్పేవారు. నలభై దాటిన నాకు అక్షరాలు దిద్దించింది వాళ్లలో ఒకమ్మాయి. నా వేళ్లు పట్టుకుని దిద్దించేది. నా చేతి కారం తన చేతికంటి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని లబోదిబోమనేది.

రిపోర్టు పూర్తయ్యాక వాళ్ల మేడమ్ గారూ వచ్చారు. యూనివర్సిటీలో ఇచ్చేముందు మాకు వినిపించాలట. "మీలోనే ఒకరు చదవండి" అన్నారు. అందరూ నన్ను ముందుకు తోశారు.

కూడబలుక్కుంటూ చదివాను. మా దగ్గు, మా నడుం నొప్పి, అన్నీ ఉన్నాయి. మూడో పేజీలో నోరు ఆగిపోయింది. 'చేతి తొడుగులు ఉచితంగా ఇచ్చినా ఈ స్త్రీలు వాడడం లేదు. వీరికి అవగాహన లేదు.'

ఆ గుండ్రటి రాత ఆ అమ్మాయిదే. దాటేస్తే ఎవరికీ తెలియదు. చదివితే మేడమ్ గారి ముందు ఆ పిల్ల తల దించుకోవాలి, మార్కులూ పోవచ్చు. చదవకపోతే మాకేమీ తెలియదన్న మాట యూనివర్సిటీలో అలాగే ఉండిపోతుంది.

"ఏమే, నోరు పడిపోయిందా?" అంది మా తోటికోడలు.

చదివేశాను.

"అవగాహన అంటే ఏందే?"

"మనకి తెలవదంట."

"మనకా! తొడుగేసుకుని ఏరి చూడమను. సాయంత్రానికి రైతు ఇంటికి తోలకపోతే నన్నడుగు!"

మేడమ్ గారికి నేనే చెప్పాను. లోపల తడి ఆరని కాయ కూడా పైకి ఎర్రగానే ఉంటుంది. అది వేళ్లకే తెలుస్తుంది. అలాంటివి సంచిలో పడితే బూజు పడుతుంది, మర్నాడు మమ్మల్ని పనికి పిలవరు. మంట తెలియక కాదు. ఆ చేతులతో చంటిపిల్లల్ని ఎత్తుకోలేక ఎన్ని సాయంత్రాలు గడిపామో.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "ఎందుకు వేసుకోరని నేను అడగనే లేదు పిన్నీ."

నిజమే. కానీ మేమూ చెప్పలేదు. ఈ పిల్లలు ప్రేమగా తెచ్చిన తొడుగుల్ని పనికిరావని మొహం మీద ఎలా అంటామని, నవ్వుతూ తీసుకుని చూరులో దోపాం. ఆ తప్పు మాది.

ఆ అమ్మాయి రెండు వాక్యాలూ కొట్టేసింది. నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమని, అడ్డం రాకుండా రాసుకుంది. చదివి వినిపించింది. తర్వాత భయంభయంగా మా అందరి వంకా చూసి, "ఇంకెక్కడైనా తప్పు రాశానా?" అంది.

మా తోటికోడలు చాప ముందుకు జరుపుకుని కూర్చుంది.

"మొదటి పేజీ తియ్యమ్మా."

వాళ్లకు ఆ సాయంత్రం బస్సు దొరకలేదు.