మెట్లెక్కని బొచ్చెలు

చేపల చేత మెట్లెక్కించడానికి మార్కెట్‌కి వెళ్ళి చేపల్ని కొనుక్కొచ్చిన మనిషి మా బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. అదీ బేరమాడి.

మా అక్క పటమటలో ఉంటుంది, కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. కొండపల్లి అవతల ఒక వాగుకి అడ్డంగా చెక్ డ్యామ్ కట్టారు. వానలు పడగానే చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు పోవాలట, గోడ అడ్డమొచ్చి కిందే ఆగిపోతున్నాయట. అక్క ఏడాదిపాటు పంచాయతీ చుట్టూ తిరిగి, గోడ పక్కన సిమెంటు తొట్లు మెట్లు మెట్లుగా కట్టించింది. నీళ్ళు తొట్టిలోంచి తొట్టిలోకి దూకుతాయి, చేప ఎదురెక్కి పైకి చేరుతుంది. రైతులకి మాత్రం అందులో కారిపోతున్న నీళ్ళే కనిపించాయి.

"ఆదివారం వచ్చి చూస్తాం మేడమ్‌గారూ. చేప ఎక్కిందా, ఉంచుతాం. లేదంటే సిమెంటు పోసి మూసేస్తాం" అని సర్పంచ్ తేల్చేశాడు.

అప్పట్నుంచి అక్కకి అన్నం సయించడం లేదు. నేను బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి. సరుకు లేదని గిరాకీతో అనకూడదు, పక్క కొట్టు నుంచి తెప్పించి మనదిగానే చూపించాలి. మాకు తెలిసిన వ్యాపారం అది.

ఆదివారం తెల్లారేసరికి బతికున్న చేపలు అమ్మే కొట్టు ముందున్నాను.

"మెట్లెక్కే చేపలు కావాలి" అన్నాను.

కొట్టావిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "మా చేపలు పులుసులోకి దిగేవండీ. ఎక్కేవి లేవు."

"పోనీ, వాగు చేపలు?"

"చిన్నయి. అన్నీ ముళ్ళే. చెరువు బొచ్చెలు తీసుకోండి, ఒక్కోటి పసిపిల్లోడంత ఉంది."

కిలో లెక్కన కొనేటప్పుడు ఒళ్ళు చూసుకోవాలి గదా. బోణీ బేరం కాదనలేదని తెలిసి మరీ గట్టిగా లాగాను. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులేస్తే పిలిచి ఇచ్చింది. బొచ్చెల్ని డ్రమ్ములో వేసుకుని ఆటోలో వెళ్ళి, ఎవరూ రాకముందే మెట్ల కింది మడుగులో వదిలేశాను.

కాసేపటికి అక్కా, సర్పంచూ, రైతులూ వచ్చి గట్టున నిలబడ్డారు. వెనకే ట్రాక్టరులో సిమెంటు బస్తాలు. గట్టున మనిషి కనబడితే మేత పడుతుందన్నది బొచ్చెలకి పుట్టినప్పట్నుంచీ ఉన్న నమ్మకం. మెట్లకి తోక చూపించి, సర్పంచ్ కాళ్ళ దగ్గర చేరి నోళ్ళు తెరిచాయి. ఆయన జరిగితే అవీ జరిగాయి.

"వీటికి ఎగువకి పోవాలని లేదు మేడమ్‌గారూ. నాతో ఊళ్ళోకి రావాలనుంది."

అక్క చేపల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇవి ఈ వాగువి కాదండీ. మావాడు కొనుక్కొచ్చాడు. లెక్కలో వెయ్యొద్దు" అంది.

అంతలో అడుగు తొట్టిలో వేలెడంత పరిగె చేప ఒకటి ఎగిరి, జారి, మళ్ళీ ఎగిరి పై తొట్టిలో పడింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక గుంపు.

"ఇవీ కొన్నవేగా?" అన్నాడు సర్పంచ్.

నా బొచ్చెల పుణ్యాన వాగులో పుట్టిన చేపలు కూడా దొంగసరుకైపోయాయి.

"ముళ్ళ చేపకి నేను డబ్బు పెడతానా అండీ?" అన్నాను. "మా కొట్టుకొచ్చినవారేగా, మీరే చెప్పండి."

ఆయన నిజంగానే ఆలోచించాడు.

"ఇది మాత్రం నమ్మాల్సిందే మేడమ్‌గారూ. మా అమ్మాయి పెళ్ళికి లక్ష రూపాయల బట్టలు తీశాం. ఓ కర్చీఫ్ కలిపి ఇవ్వవయ్యా అంటే దానికీ బిల్లు వేశాడు."

రైతులు నవ్వారు. సిమెంటు బస్తాలు ట్రాక్టరు దిగలేదు.

బొచ్చెల్ని వాగులో ఉండనివ్వనంది అక్క. పట్టడం ఏమంత కష్టం కాలేదు, నేను గట్టున నిలబడితే వాటంతటవే వచ్చాయి. అన్నిటినీ సర్పంచ్ ఇంటికి పంపించి, కర్చీఫ్ డబ్బులు కూడా నా చేత అక్కడే తిరిగి ఇప్పించింది.

పన్నెండు కిలోల బొచ్చెలు పంతొమ్మిది వందల ఇరవై. డ్రమ్ము ఐదు వందలు. ఆటో రానూపోనూ తొమ్మిది వందలు. కర్చీఫ్ ముప్ఫై. మొత్తం మూడు వేల మూడు వందల యాభై. బోణీ బేరంలో తగ్గించిన రెండు వందల నలభై ముందే తీసేసి చెప్పిన లెక్క ఇది.