గేటు కాదని చాపలు కొన్న ఏడు

మా పక్కింటి కోడలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. మొన్న ఆదివారం వచ్చి, బీద పిల్లల కోసమని తమ బడికి అదనంగా గ్రాంటు వచ్చిందనీ, దాంతో టీవీ కొనడమా గోడలకు బొమ్మలు వేయించడమా తేల్చుకోలేకపోతున్నాననీ చెప్పి, మీరైతే ఏం చేసేవారని అడిగింది. కాఫీ కలపడానికి లేచాను గానీ, పొయ్యి ముందు నిలబడగానే మనసు ఇరవై ఏళ్లు వెనక్కి, కళ్యాణదుర్గం అవతల నేను పనిచేసిన చిన్న ఊరి బడికి వెళ్లిపోయింది.

రెండువేలు దాటిన తొలి ఏళ్లు అవి. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. శెనక్కాయ పంట వరసగా ఎండిపోతుంటే, దసరా దాటగానే ఒక్కో ఇంటి వాకిలికీ ముళ్లకంప అడ్డం పడేది. అంటే ఆ కుటుంబం బెంగళూరుకు కట్టడాల పనికి పోయిందని గుర్తు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ పోయేవాళ్లు. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లవాడు తన పేరు రాయడం కూడా మరిచిపోయి పలక పట్టుకుని నా ముఖం చూస్తుంటే, పాఠం చెప్పడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమేనా అనిపించేది.

అలాంటి ఏడాది, వెనకబడిన పిల్లల చదువు కోసమని బడికి కొంత గ్రాంటు వచ్చింది. ఎలా ఖర్చుపెట్టాలో తేల్చడానికి ఊరివాళ్లతో కూడిన బడి కమిటీ వరండాలో కూర్చుంది. ఛైర్మన్ ఊళ్లో పెద్ద రైతు, మంచివాడే, కానీ ఇనుప గేటు మీద మనసు పడ్డాడు. వచ్చే అధికారులకు ముందు కనబడేది అదేనని ఆయన నమ్మకం. పనికి వలసపోయేవాళ్ల పిల్లలను బడిలోనే ఉంచుకుని రెండు పూటలా అన్నం పెడదామని నేనంటే ఆయన నవ్వాడు.

"కూడు బెట్టేది వాళ్ల నాయన పని గానీ బడి పనా మేడం?"

అంతలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్న గొర్రెలకాపరుల ఇంటి అవ్వ లేచింది. కమిటీలో సభ్యురాలైనా అంతవరకు వేలిముద్ర వేయడం తప్ప నోరు విప్పింది లేదు.

"గేటు యాడికీ పోదప్పా, ఎప్పుడన్నా పెట్టుకోవచ్చు. పోతాండేది పిల్లోళ్లు. ముందు వాళ్లను నిలబెట్టండి. వండేది నేను వండుతా."

ఆ రోజు ఊరు ఊరంతా పోట్లాడుకుంది. పొద్దు వాలేసరికి గేటు ఓడిపోయింది, చాపలు, దుప్పట్లు, వంటపాత్రలు గెలిచాయి. మండల విద్యాధికారి మా తీర్మానం చదివి, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

అయితే అసలు చిక్కు తల్లిదండ్రుల దగ్గర వచ్చింది. ఐదో తరగతిలో నా కళ్లలో వెలుగులాంటి పిల్ల ఒకతి ఉండేది. తల్లీ తండ్రీ ఇటుకలు మోస్తుంటే మూడేళ్ల తమ్ముణ్ణి చూసుకోవడం ఆమె వంతు, అందుకని ఆమెను బడిలో ఉంచమని నేనెంత చెప్పినా తండ్రి వినలేదు. వాళ్లు బయల్దేరే పొద్దున నేనూ అవ్వా బస్సు దగ్గరకు పరుగున వెళ్లేసరికి మూటలు పైకెక్కాయి, పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని కిటికీ పక్కన కూర్చుంది. అవ్వే ముందుకు పోయింది.

"ఏమప్పా, మీ నాయనకు సంగటి పెట్టినదాన్ని, నీ బిడ్డలకు పెట్టలేనా? చిన్నోన్ని కూడా ఈడనే ఇడిసిపో."

ఆ పిల్ల ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. తమ్ముడితో సహా బస్సు దిగి వచ్చి నా పక్కన నిలబడింది. వాళ్లమ్మ కిటికీలోంచి కొడుకు తల నిమిరి, కళ్లు తుడుచుకుంటూనే మొగుడితో "పోనీలే, ఉండనీ" అంది.

ఆ ఏడాది పద్నాలుగు మంది మా బడిలోనే తిన్నారు, అక్కడే పడుకున్నారు. తెల్లారకముందే లేచి అవ్వ రాగి సంగటి కెలుకుతుంటే, ఊరిబిండి పచ్చడి నూరే చప్పుడుకు పిల్లలు ఎక్కాలు వల్లించేవాళ్లు. మొదట్లో అమ్మ కావాలని ఏడ్చిన వాళ్లే నెల తిరిగేసరికి ఒకరికొకరు జడలు వేసుకుంటూ కథల పుస్తకాలు చదివి వినిపించుకునేవాళ్లు. ఆ మూడేళ్లవాడు ఒకటో తరగతిలో కూర్చుని అందరికంటే గట్టిగా "అ ఆ" అని అరిచేవాడు.

గురుకుల ప్రవేశ పరీక్ష దగ్గరపడినప్పుడు, పిల్లలను కళ్యాణదుర్గం ఎలా తీసుకుపోవాలా అని నేను ఆలోచిస్తుంటే, పొద్దున్నే బడి ముందు ట్రాక్టరు ఆగింది. నడుపుతున్నది సాక్షాత్తూ మా ఛైర్మనే. ట్రాలీలో మెత్తగా గడ్డి పరిచి, పైన జంపఖానా వేయించాడు. ఫలితాలు వచ్చిన రోజు, మా బడి నుంచి ముగ్గురికి సీట్లు వచ్చాయని, అందులో ఆ పిల్ల పేరు మొదట ఉందని ఊరంతా తిరిగి చెప్పిందీ ఆయనే. అప్పటికే ఉగాదికని తిరిగొచ్చి ఉన్న తండ్రి, కూతురు సీటు కాగితం గడగడా చదువుతుంటే రెండోసారి చదివించుకున్నాడు, మూడోసారి కూడా. ఇప్పుడామె పామిడి ఆసుపత్రిలో నర్సు. అవ్వ చివరి రోజుల్లో ఆ చేతులే మందు పోశాయి.

ఇదంతా విని పక్కింటి కోడలు చెప్పింది, ఆ రోజుల్లా కాదు, ఇప్పుడు వాళ్ల బడికి దేనికీ వెలితి లేదట. నున్నని గచ్చు, ఫ్యాన్లు, మధ్యాహ్నం గుడ్డు కూడా. కానీ కమిటీ తీర్మానమంటే ఇప్పుడు ఇంటింటికీ కాగితం తిప్పి సంతకాలు చేయించుకోవడమేనట. వరండాలో కూర్చుని ఎవరూ గొంతు పెంచరట. పరాయి పిల్లల అన్నం కోసం ఊరు ఊరంతా పొద్దు వాలేదాకా పోట్లాడుకున్న ఆ రోజును తలుచుకుంటే, అంత అందమైన గొడవ మళ్లీ ఎక్కడ వింటామా అనిపిస్తుంది.