అవ్వ ఊపిరి, ఫోనులో ప్రశ్నలు

మా అవ్వ ఇక లేదు. ఆత్మకూరు హాస్టల్ నుంచి కాలేజీకి బయలుదేరుతుండగా నాయన ఫోన్ చేశాడు. "అవ్వ పోయిందిమ్మా" అన్నాడు, అంతే. ఉదయగిరి బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ మాట నాకు పూర్తిగా చేరలేదు.

అవ్వ మా నాయనకు అమ్మ. ఉదయగిరి కొండ కింద ఊళ్లో గొర్రెలు మేపుకుంటూ బతికింది. టీ సాసర్లో పోసి, ఊది, ముందు నాకిచ్చేది. నేను డిగ్రీలో చేరాక కూడా అంతే. "నాకు కాలదులే అవ్వా" అంటే, "నీకు కాలకపోతే నాకు కాలతాది, తాగు" అనేది.

కిందటేడు అవ్వకు క్యాన్సర్ అని తేలింది. నెల్లూరు ఆసుపత్రిలో మందు ఎక్కించి ఇంటికి పంపేవాళ్లు. ఆ మందు వల్ల కొందరికి ఊపిరితిత్తులు వాస్తాయట. అది ముదరకముందే పసిగట్టడానికి వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇచ్చి, నాయన ఫోనులో ఒక యాప్ పెట్టారు. రోజూ పొద్దున ఆక్సీమీటరు చూపించిన అంకె అందులో కొట్టి, దగ్గు, ఆయాసం గురించి అడిగినవాటికి జవాబులు నొక్కాలి. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ అవన్నీ చూస్తూ ఉంటుంది.

వేసవి సెలవుల్లో ఆ పని నాది. తెల్లవారితే అవ్వ గొర్రెల దొడ్డిలోనే ఉండేది కాబట్టి అక్కడే అడిగేదాన్ని.

"ఎండ్రకాయ పట్టుకున్నట్టు ఉండాదిమే" అని, పీతలా వేలిని పట్టుకున్న ఆక్సీమీటరును చూసి నవ్వేది.

"దగ్గు ఉందా అవ్వా?"

"లేదు."

"నడిస్తే ఆయాసం?"

"లేదు లేదు, నొక్కు."

ఒకరోజు మేం దొడ్డిలో ఉండగానే నర్సమ్మే ఫోన్ చేసింది. "పాపా, అంకె రోజురోజుకీ తగ్గతా ఉండాది. జవాబులేమో అన్నీ బాగున్నాయని వస్తున్నాయి. ఒకసారి అవ్వకియ్యి." స్పీకర్ పెట్టాను. "అవ్వా, నిజం చెప్పండి. ఆయాసం ఉందా?"

అవ్వ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా మీద గయ్యిమంది. "మందలో నిలబడి జబ్బు మాట ఎత్తతారంటమే! జీవాలకు తగులుకోదా? రా బయటికి."

తడిక దాటి వీధిలోకి వచ్చాక అప్పుడు చెప్పింది. "గస పెడతా ఉండాదమ్మా. పొడిదగ్గు. పడుకుంటే ఊపిరి అందలా. గోడకానుకొని కూర్చుంటా ఉండాను."

మంద దగ్గర జబ్బు పేరు పలకకపోవడం మా ఇంటి పట్టింపు. నేనూ అందులోనే పెరిగాను. అయినా అవ్వ రోజూ "లేదు" అంటున్నది అందుకేనని నాకు తోచలేదు.

నర్సమ్మ, "ఇంకమీదట బయటికొచ్చే చెప్పండవ్వా. ఇప్పుడు మాత్రం వెంటనే బయలుదేరండి" అంది.

స్కాన్‌లో ఊపిరితిత్తుల వాపు తేలింది. స్టెరాయిడ్ మాత్రలతో అవ్వ తేరుకుంది. కానీ ఆ క్యాన్సర్ మందు మళ్లీ ఎక్కించకూడదన్నారు. వేరే మందు పెద్దగా పని చెయ్యలేదు. ఊపిరి నిలబెట్టడానికి ఆపిన మందు లేకే జబ్బు పెరుగుతుంటే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడ్చాను.

"ఏందిమే ఆ ఏడుపు? పడుకోని నిద్రపోతా ఉండాను గదా. అదేమన్నా తక్కువా?" అంది అవ్వ.

ఆ వానాకాలమంతా అవ్వ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆ నిద్ర చూడడానికే శనివారం వస్తే చాలు, హాస్టల్ నుంచి ఇంటికి పరుగెత్తేదాన్ని.

పెద్దకర్మ నాడు నర్సమ్మ నెల్లూరు నుంచి బస్సులో వచ్చింది. గొంతు వినడమే తప్ప ఆమెను మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. అరుగు మీద కూర్చుంది. అవ్వ మందలోని ఒక గొర్రెపిల్ల వచ్చి ఆమె చున్నీ కొస నోట్లో పెట్టుకుని చప్పరించసాగింది.

"లాక్కోమ్మా, నమిలేస్తాది" అన్నాడు నాయన.

"ఉండనీండి అన్నా" అని, ఆమె చున్నీని ఇంకాస్త కిందికి వదిలింది.